బీచ్ బాగుంది సరే, ఫోకస్ పట్టిందెవరు?

‘విశాఖ తెర మీద ఎంత అందంగా ఉందో!’ 1978లో ‘మరోచరిత్ర’ నాటి నుంచీ ఇదే మాట. అందమంతా సముద్రానిదే అయితే మీరు ఫోనులో తీసిన వీడియో కూడా అలాగే ఉండాలి కదా!

నేను ఫోకస్ పుల్లర్‌ని, పదహారేళ్లుగా. నటులు కదులుతుంటే బొమ్మ మసకబారకుండా లెన్సు ఫోకస్‌ను తిప్పుతూ ఉండడం నా పని. మా పెద్దమ్మ మాత్రం ‘మావాడు కెమెరామన్’ అనే చెప్పుకుంటుంది. సరిదిద్దడం మానేశాను.

85 ఎంఎం లెన్సు, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 2కి బాగా తెరిచి ఉంది, నటి ఆరడుగుల దూరంలో ఉందనుకోండి. బొమ్మ స్పష్టంగా ఉండే మేర రెండు అంగుళాలు కూడా ఉండదు. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసక. పైగా ఆమె ఇసుకలో నడిచి వస్తుంది. ఆమె ఆగాల్సిన చోట పెట్టిన గుర్తు రెండో టేకుకే చెరిగిపోతుంది. టేపుతో కొలిచింది ఒక చోట, ఆమె ఆగేది మరో చోట. ఆ తేడాను వేళ్లతోనే సర్దుకోవాలి. సరిగ్గా కుదిరితే ఎవరూ ఏమీ అనరు. తప్పిందా, మైకులో పేరు పెట్టి పిలుస్తారు. సెట్లో నా పేరు వినిపించేది అప్పుడే.

ఇక మన ఊరి గాలి. ఏసీ గదిలోని కెమెరా పెట్టెను తెచ్చి నేరుగా రుషికొండ ఇసుకలో తెరిస్తే లెన్సు మీద తేమ పట్టేస్తుంది. బయటి వేడికి అలవాటు పడేదాకా పెట్టె మూసి ఉంచాలి. ఒకసారి ‘సూర్యోదయం పోతోంది’ అంటూ మేనేజర్ బలవంతంగా తెరిపించాడు. లెన్సు తేరుకునేసరికి సూర్యుడు నెత్తి మీదికి వచ్చాడు. తిట్లు ఎవరికో చెప్పనక్కర్లేదు. ప్యాకప్ తర్వాత సామాను మీది ఉప్పు తుడవడానికి గంట పడుతుంది. ఆ గంటకు బేటా (రోజువారీ భత్యం) ఉండదు.

నా అసలు బాధ వేరు. నేను చూసినంతలో సముద్రం ఇక్కడిది, కెమెరా బృందం హైదరాబాద్‌ది. మా ఊళ్లో షూటింగ్ చేయాలంటే నేను హైదరాబాద్‌లో అద్దెకు ఉండాలి! ‘అన్నా, వైజాగ్‌లోనే ఉండి ఈ పని చేయవచ్చా?’ అని కుర్రాళ్లు అడుగుతుంటారు. పెళ్లిళ్ల సీజనులో చేయవచ్చు తమ్ముడూ. మిగతా నెలల సంగతి నన్ను అడగకు.

మొన్న సాగర్‌నగర్‌లో, మా ఇంటికి కిలోమీటరు దూరంలో షూటింగ్. హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చి, యూనిట్‌తో పాటు హోటల్లో దిగాను. మధ్యాహ్నం అమ్మ పప్పూ చేపల పులుసూ క్యారియర్‌లో సర్దుకుని బీచ్‌కు వచ్చింది. తాడు దగ్గర కాపలా కుర్రాడు ఆపేశాడు. ‘షూటింగ్ చూడాలంటే అటు వైపు నిలబడండమ్మా’ అన్నాడట.