"కౌంట్స్ వచ్చాక సీఎంవీ పరీక్ష దండగ" అన్న మెసేజ్ ఎందుకు తప్పంటే

బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ అయిన పేషెంట్ల కుటుంబాల్లో సీఎంవీ (సైటోమెగలో వైరస్) పరీక్ష గురించి ఒక వాట్సాప్ మెసేజ్ చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: "సీఎంవీ వైరస్ అందరి ఒంట్లోనూ ఉండేదే. కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) పెరిగి, జ్వరం లేకపోతే వారం వారం చేసే పీసీఆర్ పరీక్ష బిల్లు కోసమే. పాజిటివ్ అని మందు ఎక్కిస్తే కొత్త మూలుగ పాడవుతుంది. తిప్పతీగ రసంతో ఇమ్యూనిటీ పెంచుకోండి. వంద రోజులు దాటితే గండం గడిచినట్టే." ఇందులో కొన్ని నిజాలు కలిసి ఉన్నాయి కాబట్టే జనం నమ్ముతున్నారు. ఒక్కో మాటా విడదీసి చూడాలి.

"అందరిలో ఉండేదే." నిజమే. సైటోమెగలో వైరస్ మన దేశంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా మందికి ఎప్పుడో సోకి ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. సోకాక అది ఒంట్లోంచి పోదు. మూలుగ కణాల్లో, కొన్ని తెల్లరక్తకణాల్లో జీవితాంతం నిద్రాణంగా ఉంటుంది. దాన్ని లేవనివ్వకుండా అణిచి ఉంచేవి టీ కణాలు అనే రోగనిరోధక తెల్లరక్తకణాలు. ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు ఇచ్చే కీమో, ఏటీజీ లాంటి మందులు ఆ టీ కణాలనే తుడిచిపెడతాయి. అంటే వైరస్ ఒంట్లోనే ఉంది, దాన్ని ఆపేవి లేవు. పరీక్ష చేసేది అందుకే.

ఇక్కడే ఇంకో పొరపాటు కూడా జరుగుతోంది. ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు చేసే ఐజీజీ (యాంటీబాడీ) పరీక్ష వైరస్ గతంలో సోకిందా అని మాత్రమే చెబుతుంది. తర్వాత చేసే పీసీఆర్ ఇప్పుడు రక్తంలో వైరస్ డీఎన్ఏ ఎంత ఉందో లెక్కపెడుతుంది. "దాతకు సీఎంవీ లేదు కాబట్టి మాకు భయం లేదు" అనుకునేవాళ్లూ ఉన్నారు. పేషెంట్‌కు పాత ఇన్ఫెక్షన్ ఉండి దాతకు లేకపోతే ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. దాత నుంచి వచ్చే కణాలకు ఆ వైరస్‌తో ఇదివరకు పరిచయమే ఉండదు మరి.

"కౌంట్స్ వచ్చేశాయి కదా." వచ్చినవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు. అవి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో కోలుకుంటాయి. టీ కణాలు సరిగ్గా పనిచేసే స్థితికి రావడానికి నెలలు, కొందరికి ఏడాదికి పైనే పడుతుంది. ఆ మధ్యలో సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్, స్టెరాయిడ్స్ లాంటి మందులు టీ కణాలను ఇంకా అణిచి ఉంచుతాయి.

అన్నిటికంటే నాకు భయం కలిగించే మాట "జ్వరం లేకపోతే అక్కర్లేదు" అన్నది. అదుపు తప్పిన సీఎంవీ రక్తంలో దాదాపు రోజుకో రెట్టింపు చొప్పున పెరగగలదు. ఊపిరితిత్తులకు చేరి ఆయాసం మొదలయ్యాక చేతిలో ఉండే సమయం చాలా తక్కువ. 1980ల్లో ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత సీఎంవీ న్యుమోనియా వచ్చినవాళ్లలో పదిమందికి ఎనిమిది, తొమ్మిదిమంది చనిపోయేవారు. లక్షణాల కోసం ఎదురుచూడకుండా, వైరస్ కనబడగానే గాన్‌సైక్లోవిర్ అనే యాంటీవైరల్ మందు ఇస్తే ఏమవుతుందో అమెరికాలోని సియాటిల్‌లో 72 మందిపై పరీక్షించి, 1991లో ఫలితాలు ప్రచురించారు. తొలి వంద రోజుల్లో, మందు పొందిన 37 మందిలో ఒక్కరికే సీఎంవీ జబ్బు వచ్చింది. పొందని 35 మందిలో 15 మందికి వచ్చింది. ఈరోజు వారం వారం తీసే శాంపిల్ వెనుక ఉన్నది ఈ అనుభవం. అప్పట్లో వైరస్‌ను కల్చర్‌లో పెంచి పట్టుకునేవారు. ఇప్పుడు పీసీఆర్ ఇంకా ముందే పట్టుకుంటుంది.

అలాగని పీసీఆర్ నెగటివ్ వస్తే నిశ్చింతగా ఉండిపోకూడదు. పేగుల్లో, కంటి రెటీనాలో సీఎంవీ ఉన్నా రక్తంలో కనిపించకపోవచ్చు. ఆగని విరేచనాలు, మసకబారిన చూపు, ఆయాసం ఉంటే రిపోర్ట్ ఏమన్నా సరే డాక్టర్‌కు చెప్పాలి.

"మందు మూలుగను పాడుచేస్తుంది." సగం నిజం. గాన్‌సైక్లోవిర్, దాని మాత్ర రూపమైన వాల్‌గాన్‌సైక్లోవిర్ న్యూట్రోఫిల్స్‌ను తగ్గిస్తాయి. సీఎంవీకే వాడే ఇంకో మందు ఫాస్కార్నెట్ కిడ్నీల మీద పడుతుంది. అందుకే వాటిని అందరికీ ముందే ఇచ్చేయరు. ఎవరికి నిజంగా అవసరమో పీసీఆర్ చెబుతుంది, వైరస్ తగ్గాక మందు ఎప్పుడు ఆపవచ్చో కూడా అదే చెబుతుంది. పరీక్ష మానేస్తే మందు తప్పదు, ఆలస్యంగా, ఎక్కువకాలం వాడాల్సి వస్తుంది. 2017లో అమెరికాలో అనుమతి పొందిన లెటర్మోవిర్ ముందుజాగ్రత్తగా ఇచ్చే మందు, న్యూట్రోఫిల్స్‌ను దెబ్బతీయదు. దాని ప్రధాన ట్రయల్‌లో 24 వారాలకు చికిత్స అవసరమయ్యే సీఎంవీ ఇన్ఫెక్షన్ 60.6 శాతం నుంచి 37.5 శాతానికి తగ్గింది. తగ్గింది, పోలేదు. కాబట్టి అది వాడుతున్నా పీసీఆర్ ఉంటుంది. పైగా అది హెర్పిస్, అక్కి వైరస్‌ల మీద పనిచేయదు. వాటి కోసం ఇచ్చే ఎసైక్లోవిర్ మాత్రలు ఆపకూడదు.

తిప్పతీగ విషయం. దీన్ని వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను కోవిడ్ కాలంలో ముంబై డాక్టర్లు నమోదు చేశారు. దాత కణాలు పేషెంట్ శరీరం మీద తిరగబడే జీవీహెచ్‌డీ భయం ఎప్పుడూ ఉండేచోట, "ఇమ్యూనిటీ పెంచుతాం" అనడం సాయం కాదు. పచ్చి ఆకులు, పొడుల్లో ఉండే ఫంగస్ ఇంకో ప్రమాదం.

"బిల్లు కోసమే" అన్న కోపం నాకు అర్థమవుతుంది. అప్పులు చేసి ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న ఇంటికి ప్రతి పరీక్షా భారమే. మైలోమా (మూలుగలో వచ్చే ఒక క్యాన్సర్) లాంటి జబ్బులకు తమ కణాలే తమకు ఎక్కించుకునే ఆటోలోగస్ ట్రాన్స్‌ప్లాంట్‌లో చాలామందికి వారం వారం సీఎంవీ పీసీఆర్ అవసరం లేదు. అలాంటివారు "ఇది మాకెందుకు?" అని నిలదీసి అడగవచ్చు. ఇంకొకరి కణాలు తీసుకున్నవాళ్లు, ముఖ్యంగా తల్లిదండ్రుల నుంచో పిల్లల నుంచో సగం మ్యాచ్‌తో తీసుకున్నవాళ్లు ఆ మాట పట్టుకుని పరీక్ష మానకూడదు.

ఇక వంద రోజులు. ఆ రోజు గేటు మూసినట్టు ప్రమాదం ఆగిపోదు. జీవీహెచ్‌డీకి స్టెరాయిడ్స్ వాడుతున్నవాళ్లలో, లెటర్మోవిర్ ఆపినవాళ్లలో వైరస్ ఆలస్యంగా తలెత్తుతుంది. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి ఆ మందును 200 రోజుల వరకు వాడేందుకు 2023లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. సరిగ్గా ఈ దశలోనే మనవాళ్లు వెల్లూరు నుంచో హైదరాబాద్ నుంచో సొంతూరికి వెళ్లిపోతారు. అక్కడ వేరే ల్యాబ్‌లో చేయిస్తే అంకె మారవచ్చు, దాన్ని పాత రిపోర్ట్‌తో నేరుగా పోల్చకూడదు. వీలైతే శాంపిల్ పాత ల్యాబ్‌కే పంపాలి. తర్వాతి పరీక్ష ఏ రోజు, ఎక్కడ, రిపోర్ట్ ఎవరికి పంపాలి అన్న మూడూ ఊరికి బయల్దేరే ముందే డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి.