లెక్కల టీచర్ల సంఘాలు దండగేనా? తిరుగుతున్న సందేశానికి ఒక జవాబు

చెన్నై తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని వారాలుగా ఒక సందేశం తిరుగుతోంది. పెరంబూరులోని మా బంధువుల గ్రూపుకీ వచ్చింది, టీనగర్‌లో ఉండే తల్లిదండ్రుల గ్రూపుకీ వచ్చింది. నా పాత విద్యార్థులు కొందరు దాన్ని నాకే పంపి, "టీచర్, ఇది నిజమేనా?" అని అడిగారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: టీచర్ల సంఘాలు జీతాల కోసం, బదిలీల కోసం పుట్టినవి, వాటికీ పిల్లల లెక్కలకీ సంబంధం లేదు. పైగా సంఘాలున్నచోట మార్కులు తగ్గుతాయని పరిశోధనే తేల్చింది. గణిత సంఘాలు పెట్టే పోటీలు మొదటి ర్యాంకు పిల్లలకే పనికొస్తాయి. ప్రభుత్వ శిక్షణలు, యాప్‌లు వచ్చాక సంఘం అవసరమే లేదు. చివర్లో పెద్ద అక్షరాల్లో, "రామానుజన్‌కి ఏ సంఘం నేర్పింది?"

ఉత్తర చెన్నైలో తెలుగు మీడియం పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని నేను. ఈ సందేశంలో కొంత నిజం కూడా ఉంది. ఉన్నచోట ఉందనే చెబుతాను. ముందు రామానుజన్ ప్రశ్న తీసుకుంటాను. జనం ఎక్కువగా మెచ్చుకున్నది దాన్నే, పూర్తిగా తప్పయినదీ అదే.

1907లో వి. రామస్వామి అయ్యర్ అనే డిప్యూటీ కలెక్టరు మొదలుపెట్టిన ఒక చిన్న బృందం ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. మంచి గణిత పుస్తకాలు, విదేశీ పత్రికలు ఆ రోజుల్లో ఒక్కరి స్తోమతకు అందేవి కావు. అందుకని కాలేజీలో లెక్కలు చెప్పేవాళ్లు, లెక్కలంటే ఇష్టమున్న ఉద్యోగులు తలా కొంత చందా వేసుకుని తెప్పించుకునేవారు. ఒకరు చదివాక ఇంకొకరికి టపాలో పంపేవారు. 1910లో పరీక్ష తప్పి, చేతిలో ఉద్యోగం లేని రామానుజన్ తన నోటుపుస్తకాలు పట్టుకుని వెళ్లింది అప్పుడు తిరుక్కోయిలూరులో పనిచేస్తున్న ఈ రామస్వామి అయ్యర్ దగ్గరికే. ఆ పుస్తకాల్లో ఏముందో ఆయనకు అర్థమైంది. మద్రాసులోని తోటి గణితజ్ఞులకు ఉత్తరాలు రాసి ఇచ్చి పంపాడు. అక్కణ్ణుంచి దారి మన నెల్లూరుకు వచ్చింది. నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు ఆ సొసైటీ కార్యదర్శి. మొదట నమ్మకపోయినా, మాట్లాడాక నెలకు 25 రూపాయలు ఇచ్చి రామానుజన్‌ను మద్రాసులో నిలబెట్టింది ఆయనే.

1911లో రామానుజన్ మొదటి పరిశోధన వ్యాసం వచ్చింది ఆ సొసైటీ పత్రికలోనే. బెంగళూరులో ఉండే సంపాదకుడు ఎం. టి. నారాయణ అయ్యంగార్‌కు ఆ రాత ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. అయినా పక్కన పడేయకుండా, చదివేవాడికి తెలిసేలా మళ్లీ రాయించాడు. రామానుజన్ ఒక ప్రశ్న కూడా ఆ పత్రికకే పంపాడు. వర్గమూలం లోపల వర్గమూలం, దానిలోపల ఇంకొకటి, అలా అంతులేకుండా సాగే ఒక గొలుసు విలువ ఎంత అని. ఆరు నెలలు ఆగినా ఎవరూ చెప్పలేకపోతే తనే జవాబు ఇచ్చాడు. మొత్తం విలువ 3. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తాగా చేరితే, అక్కడ పై అధికారిగా ఉన్న ఎస్. నారాయణ అయ్యర్ ఆ సొసైటీ కోశాధికారి. ఇద్దరూ రాత్రిళ్లు పలకలు పట్టుకుని లెక్కలు చేసేవారు. కేంబ్రిడ్జి గణితజ్ఞుడు హార్డీకి రామానుజన్ ఉత్తరం వెళ్లింది ఇదంతా అయ్యాక, 1913 జనవరిలో.

ఆ మేధ సంఘం ఇచ్చింది కాదు, ఆ మాట నేనూ అనను. కానీ ఆ నోటుపుస్తకాలు చదవగలిగిన మనుషులు ఒకరికొకరు తెలిసి ఉండటం, వాళ్లకో పత్రిక ఉండటం సంఘం వల్లే. అదే లేకపోతే తిరుక్కోయిలూరు డిప్యూటీ కలెక్టరుకీ, నెల్లూరు కలెక్టరుకీ, బెంగళూరు సంపాదకుడికీ, పోర్ట్ ట్రస్టు అధికారికీ ఒక కుర్రవాడి చేతిరాత అందే దారి ఏది?

అది బడి టీచర్ల సంఘం కాదు కదా అంటారేమో. నిజమే. బడి టీచర్ల కోసం 1965లో అసోసియేషన్ ఆఫ్ మ్యాథమెటిక్స్ టీచర్స్ ఆఫ్ ఇండియా పుట్టింది. కార్యాలయం మన ట్రిప్లికేన్‌లోనే. టీచర్లకు ఒక పత్రిక, పిల్లలకు 'జూనియర్ మ్యాథమెటీషియన్' అని ఇంకొక పత్రిక వేస్తుంది. ఆ సంఘంతో పెనవేసుకున్న పేరు పి. కె. శ్రీనివాసన్. ముత్యాలపేట హైస్కూల్లో లెక్కల మాస్టారు. రామానుజన్ ఉత్తరాలను, ఆయన్ను ఎరిగినవాళ్ల జ్ఞాపకాలను ఇల్లిల్లూ తిరిగి సేకరించి 1968లో సంపుటాలుగా తెచ్చింది ఈ బడి మాస్టారే. 1993లో రాయపురంలో రామానుజన్ మ్యూజియం తెరిచినప్పుడు దాన్ని నడిపిందీ ఆయనే. రామానుజన్ గురించి ఈరోజు మనం చెప్పుకునే కథల్లో కొన్ని ఆ సేకరణ వల్లే మిగిలాయి.

ఇక "జీతాల కోసమే పుట్టాయి" అన్న మాట. ఇక్కడ రెండు రకాల సంఘాలను ఒకే గాటన కట్టేశారు. డీఏ, పీఆర్సీ, బదిలీల గురించి పోరాడేవి యూనియన్లు. ఒక సబ్జెక్టు ఎలా చెప్పాలని కూర్చునేవి సబ్జెక్టు సంఘాలు. రెండో రకం ఎక్కడ ఎందుకు పుట్టిందో చూడండి. 1871లో ఇంగ్లండులో టీచర్లు ఒక సంఘం పెట్టుకున్నారు. పేరే 'రేఖాగణిత బోధన మెరుగుదల సంఘం' అని అర్థం వచ్చేలా పెట్టారు. అప్పట్లో ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ సిద్ధాంతాలను ఆయన చెప్పిన వరసలోనే ఒప్పజెప్పాలి. వేరే వరసలో సరిగ్గా నిరూపించినా పరీక్షలో చెల్లదు. పిల్లలు అర్థం చేసుకోకుండా బట్టీ పడుతున్నారని ఆ టీచర్లు ముప్పై ఏళ్లు పట్టువదలకుండా అడిగారు. 1903లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం దిగివచ్చి, తర్కం సరిగ్గా ఉన్న నిరూపణ ఏదైనా ఒప్పుకుంటానంది. పదో తరగతి పిల్ల పైథాగరస్ సిద్ధాంతాన్ని సరూప త్రిభుజాలతో నిరూపించినా మార్కులు పడుతున్నాయంటే, అలాంటి పోరాటాల వల్లే. ఇందులో జీతం మాట ఎక్కడుంది? ఆ సంఘమే తర్వాత పేరు మార్చుకుని మ్యాథమెటికల్ అసోసియేషన్ అయింది, ఇప్పటికీ ఉంది.

యూనియన్లను కూడా తీసిపారేయలేను. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్సు, గణితం రెండిటికీ కలిపి ఒక్క టీచరు ఉంటే చాలు, నిబంధన తీరినట్టే. అంటే జీవశాస్త్రం చదివినావిడ బీజగణితం చెప్పాల్సి వస్తుంది. ఆమె కష్టపడి చెబుతుంది, కానీ పిల్లవాడు "రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం ఎందుకవుతుంది?" అని అడిగితే ఏం చేయాలి? లెక్కలకు విడిగా పోస్టు కావాలని ఎవరో ఒకరు అడగాలి. అదే చట్టం 27వ సెక్షను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను పంపకూడదంటుంది. అది అమలు కావాలని గొంతెత్తేది ఎవరు? తల్లిదండ్రులు అడిగినచోట నేను చూడలేదు, యూనియన్లు అడగడం చూశాను. యూనియన్ సమావేశాల్లో పాఠాల గురించి మాట్లాడేది తక్కువ, అది మారాలి. కానీ లెక్కలు చెప్పే మనిషే తరగతిలో లేకపోతే పద్ధతుల గురించి మాట్లాడి లాభమేమిటి?

పరిశోధన సంగతి. సందేశం పేరు చెప్పలేదు కానీ, గీతా కింగ్డన్, ఫ్రాన్సిస్ టీల్ 2010లో ప్రచురించిన అధ్యయనం గురించే అయి ఉండాలి. ఒకే పిల్లవాడికి వేర్వేరు సబ్జెక్టుల్లో వచ్చిన మార్కులు పోల్చి, యూనియన్ సభ్యులైన టీచర్లు చెప్పిన సబ్జెక్టుల్లో మార్కులు తక్కువగా ఉన్నాయని చూపారు. జాగ్రత్తగా చేసిన పని అది, కొట్టిపారేయకూడదు. కానీ అది కొలిచింది యూనియన్ సభ్యత్వాన్ని. గణిత సంఘం సమావేశానికి వెళ్లివచ్చిన టీచరు తరగతి ఎలా మారిందన్నది అందులో ప్రశ్నే కాదు. మార్కులు తగ్గుతాయని గణిత సంఘాలకు దాన్ని అంటగట్టడం అన్యాయం.

"టీచర్లు బడికే రారు, సంఘాలు కాపాడతాయి" అని కూడా ఒక వాక్యం ఉంది, నాలుగింట ఒక టీచరు రాడన్న పాత లెక్కతో. ఆ లెక్క 2003 సర్వేది. 2017లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లో 619 బడులు చూసి, కారణం లేకుండా రానివాళ్లు 2.5 శాతమని తేల్చింది. బడిలో లేనివాళ్లలో మిగతావాళ్లు సెలవులోనో, శిక్షణలోనో, వేరే ప్రభుత్వ పనిలోనో ఉన్నారు.

నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది యాప్‌లు, శిక్షణలు చాలన్న మాట దగ్గర. ఇళ్లలో ఫోన్లకు కొదవ లేదు. పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో ఇంటింటా తిరిగి చూసే అసర్ సర్వే 2024లో, గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందని చెప్పారు. అదే సర్వేలో ఎనిమిదో తరగతి పిల్లల్లో మామూలు భాగహారం చేయగలిగినవాళ్లు 45.8 శాతమే.

ఒక తీసివేత చూడండి: 305లోంచి 178. మా బడిలో ప్రతి ఏడూ కొందరు 273 అని రాసేవారు. నేను ఎర్రసిరాతో అడ్డంగా గీసి, "అప్పు తెచ్చుకోవడం మరిచిపోయావు" అని రాసేదాన్ని. ఒకసారి లెక్కల టీచర్లం కూర్చున్నప్పుడు ఆ నోటుపుస్తకాలు బల్ల మీద పెట్టాను. ఇంకో బడి నుంచి వచ్చిన ఒక పెద్దాయన చూసి, "వీడు మరిచిపోలేదమ్మా. ప్రతి నిలువు వరసలోనూ పెద్దంకెలోంచి చిన్నంకె తీశాడు. వాడి నియమం వాడు ఎక్కడా తప్పలేదు" అన్నారు. నిజంగానే 3లోంచి 1 తీస్తే 2, 7లోంచి 0 తీస్తే 7, 8లోంచి 5 తీస్తే 3. చిన్న తరగతుల్లో "పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి" అని మేమే నేర్పాం కదా, వాడు దాన్నే పట్టుకున్నాడు. అలాంటివాడికి "అప్పు" అని ఎన్నిసార్లు రాసినా ఏం తెలుస్తుంది? అక్కడ కూర్చున్న ఇంకో టీచరు, ముందు సుమారు జవాబు అడగమంది. 300లోంచి ఇంచుమించు 200 పోతే వంద దగ్గర ఉండాలి, మరి 273 ఎలా వచ్చింది? ఇంకొకరు చీపురుపుల్లల కట్టలు తెచ్చి, ఒక వంద కట్ట విప్పి పది పదుల కట్టలు చేయించమన్నారు. సున్నా ఉన్నచోట పిల్లలు ఎందుకు తడబడతారో మాకే అప్పుడు తేటపడింది.

యాప్ "తప్పు" అని చూపిస్తుంది, సరైన జవాబు 127 అని చెబుతుంది. ఈ పిల్లవాడు 273కి ఎలా చేరుకున్నాడో కనుక్కోవడానికి నలుగురు అనుభవజ్ఞులు ఒకే నోటుపుస్తకం చుట్టూ కూర్చోవాలి. జపాన్‌లో టీచర్లు ఒక పాఠాన్ని కలిసి తయారుచేసి, ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వెనక నిలబడి పిల్లలను గమనించి, తర్వాత చర్చిస్తారు. తరతరాలుగా నడుస్తున్న పద్ధతి అది. ప్రభుత్వ శిక్షణలు ఉండాలి. 2020 జాతీయ విద్యా విధానం ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది, మంచిదే. కానీ అక్కడ ఏం మాట్లాడాలో పైవాళ్లు నిర్ణయిస్తారు. రాష్ట్ర స్థాయిలో చెప్పింది జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి వచ్చేసరికి పలచబడిపోతుంది. మా 273 ఏ శిక్షణ పుస్తకంలోనూ కనిపించలేదు, మా బల్ల మీదికి మేం తెచ్చుకుంటే వచ్చింది. 2003లో చెన్నై కార్పొరేషన్ 13 బడుల్లో కార్డులతో చదువు మొదలుపెట్టింది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ పద్ధతి చూసివచ్చి ఆ కార్డులు తయారుచేయడంలో టీచర్లు కూడా పాలుపంచుకున్నారు. పైనుంచి వచ్చిన పథకమైనా టీచర్ల చేయి పడితే తీరు వేరు.

పోటీ పరీక్షలు కొద్దిమందికేనన్నది చివరిది, ఇందులో కొంత నిజం ఉంది. పోటీ పెట్టి సర్టిఫికెట్లు ఇవ్వడంతోనే ఆగిపోయే సంఘం తన పనిలో సగం కూడా చేయనట్టే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం, మన చెన్నై గణిత శాస్త్రాల సంస్థకు చెందిన ఆర్. రామానుజం అధ్యక్షతన పనిచేసిన బృందం రెండు లోపాలూ చెప్పింది. ఎక్కువమంది పిల్లల్లో లెక్కలంటే భయం, ఓటమి. చురుకైన కొద్దిమందికి ఆ పాఠాల్లో సవాలు లేదు. పోటీలు రెండోదానికి జవాబు. మరి మొదటిదానికి? అక్కడే టీచర్ల చేతికి ఏం వస్తుందన్నది ముఖ్యం.

ముందు చెప్పిన ట్రిప్లికేన్ గణిత సంఘం పెట్టే జాతీయ పోటీల్లో ఏడు, ఎనిమిది తరగతులవాళ్లది కాప్రేకర్ పేరు మీద ఉంది. దత్తాత్రేయ కాప్రేకర్ నాసిక్ దగ్గర దేవలాలీలో బడి పంతులుగానే ఉద్యోగ జీవితమంతా గడిపాడు. ఆయన కనిపెట్టినది ఏ పిల్లవాడైనా చేయగలడు. నాలుగు అంకెలు తీసుకోండి, అన్నీ ఒకటే కాకూడదు. పెద్ద నుంచి చిన్నకు పేర్చిన సంఖ్యలోంచి చిన్న నుంచి పెద్దకు పేర్చినది తీసేయండి. వచ్చిన జవాబుతో మళ్లీ అదే చేయండి. 3524తో మొదలుపెడితే 5432 − 2345 = 3087, ఆపైన 8730 − 0378 = 8352, ఆపైన 8532 − 2358 = 6174. ఏ సంఖ్యతో మొదలైనా ఏడు మెట్లలోపే 6174 వస్తుంది, వచ్చాక ఇక మారదు.

సంఘం సమావేశంలో ఇది విని వచ్చి, తీసివేత రాని పిల్లలకే ఇచ్చాను. పెద్దంకెలోంచి చిన్నంకె తీసే పాత అలవాటుతో చేస్తే 6174 ఎప్పటికీ రాదు కాబట్టి ఎక్కడ తప్పామో వాళ్లే వెతుక్కునేవారు. సున్నా పక్కనుంచి అప్పు తెచ్చుకోవడం వాళ్లకు అక్కడే పట్టుబడింది. వాళ్లలో ఎవరూ ఏ పోటీ పరీక్షా రాయలేదు. ఆ సందేశం మీ గ్రూపుకు వస్తే, దాని కింద ఈ జవాబు కూడా పెట్టండి.