వెళ్ళొస్తానన్నవాడు ఎక్కడికి వెళ్తాడు?

తెలుగులో సెలవు తీసుకోవడానికి సరైన మాటే లేదు. "పోతాను" అంటే అపశకునం. "వెళ్తాను" అన్నా పెద్దవాళ్ళు నొచ్చుకుని "వెళ్ళొస్తాననాలి నాయనా" అని దిద్దుతారు. తప్పించుకుని పారిపోయేవాడి చేత కూడా తిరిగొస్తానని ముందే పూచీకత్తు రాయించుకునే భాష మనది. తెగించి లేచామా, ఎవరో ఒకరు తుమ్ముతారు. మళ్ళీ కూర్చుని మంచినీళ్ళు తాగాలి. ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపు వాళ్ళ బావమరిది స్థలం రిజిస్ట్రేషను గొడవ సగానికొస్తుంది.

పొయ్యి మీద పాలు పెట్టొచ్చానంటే ఇదివరకు వదిలేసేవారు. మొన్న అదే మాటంటే పక్కింటి పిన్నిగారు "మీరు పాలు కాచడమేమిటి, అమ్మాయి ఊళ్ళో లేదా?" అని అక్కణ్ణుంచి కొత్త అధ్యాయం మొదలెట్టారు. ఫోనొచ్చినట్టు నటించే విద్య, చెవి దగ్గర పెట్టుకున్న ఫోను నిజంగానే మోగిన రోజున అటకెక్కింది.

రైల్లో అయితే రూలు కూడా కబుర్లరాయుళ్ళ పక్షమే. రాత్రి 9కి మొదలయ్యే పడకవేళను రైల్వే బోర్డు 2017లో 10కి జరిపింది. ఉదయం 6 దాకానే పడక. తక్కిన వేళల్లో మధ్య బెర్తువాడు కింద బెర్తు మీదే కూర్చోవాలి. అదనంగా దొరికిన ఆ గంటని కింద బెర్తు పెద్దాయన ఏం చేసుకుంటాడో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

విశాఖ నుంచి హైదరాబాదు వస్తుంటే నాకు సరిగ్గా ఆ మధ్య బెర్తే పడింది. పెద్దాయన అనకాపల్లిలో ఊరడిగారు, తునిలో ఉద్యోగం, సామర్లకోటలో జీతం. రాజమండ్రి వంతెన మీద అందరూ గోదావరిలోకి బిళ్ళలు వేసి దండం పెట్టుకుంటుంటే, నేనూ ఒక రూపాయి వేసి ఆయనకి నిద్ర రావాలని మొక్కుకున్నాను. కొవ్వూరు రాగానే "ఏం మొక్కుకున్నారు? మేమూ మావాడికి సంబంధాలు చూస్తున్నాం" అన్నారు. రూపాయి చాలలేదన్నమాట.

ఏలూరు దాటాక పదయింది. "మీరు పడుకుంటారేమోనండీ" అన్నాను వినయంగా. ఇలాంటి చోట మన నిద్రని ఎదుటివాళ్ళ ఖాతాలో వెయ్యడమే మర్యాద.

"నాకు నిద్రెక్కడిదండీ, షుగరు" అన్నారు.

గొలుసులు తగిలించి, ఎక్కి, ముసుగు తన్నాను. కాసేపటికి కిందనుంచి వినిపించింది.

"పడుకున్నారా?"

"పడుకున్నానండీ."

"మంచిది. పడుకునే వినండి."