తొలి ఊపిరికి ఎంత ఆక్సిజన్?

2021 ఏప్రిల్, మే నెలల్ని తెలుగువాళ్లు అంత తేలిగ్గా మరిచిపోలేరు. సిలిండర్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండంటూ అర్ధరాత్రి వాట్సాప్ గ్రూపుల్లో వేడుకున్నవాళ్లు, బెడ్డు దొరికినా ఆక్సిజన్ అందక అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ తర్వాత పీఎం కేర్స్ నిధులతో దేశవ్యాప్తంగా ఆస్పత్రుల్లో వెయ్యికి పైగా ఆక్సిజన్ ప్లాంట్లు వెలిశాయి. నాయకులు రిబ్బన్లు కత్తిరించారు, ఫొటోలు దిగారు. ఇదంతా చూసిన జనానికి ఇప్పుడు ‘ఆక్సిజన్ ఎక్కువైతే హాని’ అని చెబితే ఒళ్లు మండుతుంది. అయినా చెప్పక తప్పదు. అప్పుడే పుట్టి, ఏడవని బిడ్డ విషయంలో అది అక్షరాలా నిజం. ఆ నిజాన్ని నిరూపించడానికి ఒక పిల్లల డాక్టరు తన వృత్తి జీవితంలో పెద్ద భాగాన్ని ధారపోశారు. అందులో కీలకమైన ఘట్టం మన ఢిల్లీలోనే జరిగింది.

ఓలా డిడ్రిక్ సాగ్‌స్టాడ్ నార్వే దేశస్థుడు. 1947లో పుట్టారు. ఓస్లోలో నవజాత శిశు వైద్యుడిగా పనిచేస్తూ, అక్కడి యూనివర్సిటీ ఆస్పత్రిలో పిల్లల వైద్య పరిశోధన విభాగాన్ని ఏళ్ల తరబడి నడిపారు. ముప్పై ఏళ్లు నిండకముందే, 1975లో, ఆయన దృష్టి హైపోజాంథిన్ అనే పదార్థం మీద పడింది. శరీరానికి ఆక్సిజన్ అందనప్పుడు కణాల్లోని ఇంధనం విరిగిపోయి ఈ హైపోజాంథిన్ రక్తంలో పేరుకుంటుంది. దాన్ని కొలిస్తే బిడ్డ ఊపిరాడక ఎంతగా అల్లాడిందో తెలుస్తుందని ఆయన రాశారు. అక్కడితో ఆగి ఉంటే అదొక ల్యాబ్ పరీక్షగా మిగిలిపోయేది. ఆయనకు తట్టిన రెండో సంగతే అసలైనది. హైపోజాంథిన్ పేరుకున్న ఒంట్లోకి ఒక్కసారిగా ఆక్సిజన్ వచ్చి పడితే, ఆ హైపోజాంథిన్ యూరిక్ ఆమ్లంగా మారే క్రమంలో ఫ్రీ రాడికల్స్ పుడతాయి. మెదడు, ఊపిరితిత్తులు, కళ్లు, పేగులు... ఎక్కడి కణం దొరికితే అక్కడ దెబ్బతీస్తాయి. అంటే బిడ్డకు రెండుసార్లు గాయమవుతుంది. ఊపిరాడనప్పుడు ఒకసారి, మనం ఊపిరి పోసేటప్పుడు మరోసారి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లు.

అప్పట్లో ప్రపంచమంతటా లేబర్ రూముల్లో ఒకటే పద్ధతి. బిడ్డ ఏడవలేదా, నూటికి నూరు శాతం ఆక్సిజన్ పెట్టెయ్. పాఠ్యపుస్తకాలూ అదే చెప్పేవి, మార్గదర్శకాలూ అదే చెప్పేవి. దానికి ఆధారంగా శిశువుల మీద సరైన పరీక్ష ఎప్పుడైనా చేశారా అంటే, లేదు. చేయాలని ఎవరికీ తోచలేదు. ఊపిరాడనివాడికి ఆక్సిజన్ ఇవ్వొచ్చా అని అడిగేవాణ్ని ఎవరైనా వింతగానే చూస్తారు. సాగ్‌స్టాడ్ బృందం ముందు పందిపిల్లల మీద పరీక్షించింది. మామూలు గాలితో, అంటే 21 శాతం ఆక్సిజన్‌తో తేరుకున్నవి, స్వచ్ఛమైన ఆక్సిజన్ అందుకున్న వాటికి ఏమాత్రం తీసిపోలేదు.

ఇక మనుషుల బిడ్డల మీద చూడాలి. ఢిల్లీ మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీలో సిద్ధార్థ్ రాంజీ ఆ పనికి పూనుకున్నారు. ఆయన, సాగ్‌స్టాడ్ కలిసి 84 మంది శిశువులతో చేసిన అధ్యయనం 1993లో అచ్చయింది. సగం మందికి గాలి, సగం మందికి ఆక్సిజన్. రెండు గుంపుల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా రాకపోవడమే ఇక్కడ పెద్ద వార్త, ఎందుకంటే గాలి ఒక్కటే ఇస్తే పిల్లలు చనిపోతారని అందరూ భయపడ్డారు. ఆ ధైర్యంతో భారత్, నార్వే సహా ఆరు దేశాల్లోని 11 కేంద్రాల్లో పెద్ద అధ్యయనం మొదలైంది. దాని పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. సరి తేదీన పుట్టి ఊపిరందని బిడ్డకు గాలి, బేసి తేదీన పుడితే ఆక్సిజన్. కంప్యూటర్ అక్కర్లేదు, గోడమీద క్యాలెండర్ చాలు. మొత్తం 609 మంది శిశువులు. ఫలితాలు 1998లో వచ్చాయి. గాలి అందుకున్నవాళ్లలో నెలలోపు మరణాలు 13.9 శాతం, ఆక్సిజన్ అందుకున్నవాళ్లలో 19 శాతం. మొదటి ఊపిరి తీసుకోవడానికి గాలి గుంపులో సగటున 1.1 నిమిషాలు పడితే, ఆక్సిజన్ గుంపులో 1.5 నిమిషాలు పట్టింది.

విమర్శలు రాకుండా ఉంటాయా? మరణాల్లో కనిపించిన తేడా గణాంక శాస్త్రం ఒప్పుకునేంత గట్టిది కాదు. ఏ బిడ్డకు ఏది ఇస్తున్నారో డాక్టర్లకు ముందే తెలుసు. ఈ రెండు లోపాలనూ ఎత్తిచూపినవాళ్లు తప్పేమీ చేయలేదు, సైన్స్ నడిచేదే అలా. ఆ తర్వాత స్పెయిన్‌లోని వాలెన్సియాలో మాక్సిమో వెంటో బృందం రక్తపరీక్షలతో మరో ముక్క జోడించింది. పుట్టగానే కొద్ది నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ అందుకున్న పిల్లల రక్తంలో ఫ్రీ రాడికల్స్ ప్రభావం నాలుగు వారాల తర్వాత కూడా కనిపించింది. చివరికి 2010లో అంతర్జాతీయ మార్గదర్శకాలు మారాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు గాలితోనే మొదలుపెట్టాలన్నారు. 2019లో అన్ని అధ్యయనాలనూ కలిపి లెక్కేస్తే, గాలితో మొదలుపెట్టినచోట మరణాలు 27 శాతం తక్కువని తేలింది. 1975లో మొదలైన ఆలోచన లేబర్ రూము గోడమీద చార్టుగా మారడానికి 35 ఏళ్లు పట్టిందన్నమాట. ఈ మధ్యకాలంలో ఎందరు పిల్లలకు అనవసరంగా స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇచ్చి ఉంటారో ఊహించుకోవాల్సిందే.

ఆక్సిజన్ విషయంలో వైద్యరంగం తప్పటడుగు వేయడం అదే మొదటిసారి కాదు. 1940ల్లో, 50ల్లో నెలలు నిండని పిల్లలను ఇంక్యుబేటర్లలో పెట్టి ఆక్సిజన్ ధారాళంగా వదిలేవారు. ప్రపంచవ్యాప్తంగా దాదాపు పదివేల మంది పిల్లలకు చూపు పోయింది. గాయకుడు స్టీవీ వండర్ వారిలో ఒకరు. ఆక్సిజనే కారణం కావొచ్చని 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ చెప్పారు. తర్వాత అమెరికాలో 18 ఆస్పత్రులు కలిసి చేసిన పరీక్షతో అది రుజువైంది. అప్పుడేం చేశారు? ఆక్సిజన్‌ను ఒక్కసారిగా బిగబట్టారు. కళ్లు దక్కాయి కానీ ప్రాణాలు పోయాయి. కాపాడిన ఒక్కో చూపుకు దాదాపు 16 మంది శిశువులు బలయ్యారని 1973లో బ్రిటన్‌లో ఒక లెక్క వచ్చింది.

సాగ్‌స్టాడ్‌పై మాకు గౌరవం పెరగడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆక్సిజన్ తగ్గించమని జీవితమంతా వాదించినవాడు, తగ్గించినకొద్దీ మంచిదని మొండికేయొచ్చు. ఆయన ఆ పని చేయలేదు. 28 వారాలకు ముందే పుట్టిన సుమారు 5,000 మంది పిల్లలపై ఐదు పెద్ద పరీక్షలు జరిగాయి. రక్తంలో ఆక్సిజన్ సంతృప్తతను 85–89 శాతం మధ్య ఉంచాలా, 91–95 మధ్య ఉంచాలా అన్నది ప్రశ్న. తక్కువ ఉంచినచోట కంటి జబ్బు తగ్గింది, మరణాలు పెరిగాయి. ఆ పరీక్షల ఫలితాలను కలిపి లెక్కగట్టి, మరీ తగ్గించొద్దని హెచ్చరించినవాళ్లలో సాగ్‌స్టాడ్ కూడా ఉన్నారు. తన పేరు మీద చలామణీ అవుతున్న వాదాన్ని కూడా ఆయన తూచి చూశారు. మన దగ్గర ఒక పథకం తన పేరు మీద వస్తే చాలు, దాని లోపాలు వినడానికి ఇష్టపడని పెద్దలే ఎక్కువ.

ఇప్పుడు మన లేబర్ రూముకు వద్దాం. బిడ్డ బయటపడింది, ఏడుపు లేదు. నర్సు పొడి టవల్‌తో ఒళ్లు తుడుస్తుంది, వార్మర్ కింద పడుకోబెట్టి మెడ సరిచేస్తుంది, వీపు రుద్దుతుంది. అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే నిమిషంలోపే అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరితిత్తుల్లోకి గాలి పంపే సంచి) మాస్కును ముక్కూ నోరూ కప్పేలా ఆనించి, నిమిషానికి 40 నుంచి 60 సార్లు నొక్కాలి. ఛాతీ లేస్తోందా, గుండె వేగం పుంజుకుంటోందా అన్నవే చూడాలి. బిడ్డ ఒంటి రంగు చూసి టెన్షన్ పడితే చెయ్యి ఆక్సిజన్ పైపు వైపు వెళ్తుంది. నిజానికి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకైనా మొదటి నిమిషంలో కుడి మణికట్టుకు పెట్టిన ఆక్సీమీటర్ 60–65 చూపిస్తుంది. ఐదు నిమిషాలకు 80–85, పది నిమిషాలకు 85–95. కరోనా రోజుల్లో 94 కంటే తగ్గితే అంబులెన్సుకు ఫోన్ చేసిన మనకు 65 చూస్తే గుండె ఆగినంత పనవుతుంది కానీ, తల్లి కడుపులోంచి వచ్చిన బిడ్డకు అది మామూలే.

బ్యాగ్ దగ్గర కూడా ఒక సంగతి ఉంది. ఆక్సిజన్ పైపు తగిలించకుండా నొక్కితే బిడ్డకు వెళ్లేది గది గాలి, 21 శాతం. పైపు తగిలించి, వెనకనుండే రిజర్వాయర్ సంచి తీసేస్తే సుమారు 40 శాతం. సంచి కూడా ఉంటే 90 నుంచి 100. పైసా ఖర్చు లేకుండా మోతాదు మార్చుకునే మార్గం ఇది. అత్యవసరంలో ఈ తేడా గుర్తుండాలంటే చేతికి అలవాటు కావాలి. 2009లో కేంద్రం మొదలుపెట్టిన నవజాత శిశు సురక్షా కార్యక్రమం ఈ శిక్షణ కోసమే పుట్టింది. అయితే ఒకసారి శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ చేతిలో పెడితే సరిపోదు. బొమ్మ మీద నెలనెలా చేయించకపోతే ఏ నైపుణ్యమైనా జారిపోతుంది. పైగా శిక్షణ పొందిన నర్సును వేరే వార్డుకు బదిలీ చేస్తే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

నెలలు నిండని పిల్లల విషయంలో మోతాదు ఇంకా ముఖ్యం. 2020లో మన దేశంలో సుమారు 30 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారు. మరే దేశంలోనూ ఇంతమంది లేరు. వీళ్లకు ఆక్సిజన్ అవసరమే, కానీ గాలినీ ఆక్సిజన్‌నూ కావలసిన పాళ్లలో కలిపే బ్లెండర్ ఉండాలి, పసివాళ్ల చేతికి సరిపోయే ప్రోబ్ ఉన్న ఆక్సీమీటర్ ఉండాలి, పుట్టిన 30 రోజుల్లోపు కళ్లు పరీక్షించాలి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి నిపుణులు శిశు వైద్య కేంద్రాలకే వెళ్లి ఈ పరీక్షలు చేసే పద్ధతిని ఎప్పుడో మొదలుపెట్టారు. పరీక్ష చేయకపోతే ఏమవుతుందో 2015 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెబుతుంది. తమిళనాడు ప్రభుత్వాస్పత్రిలో నెలలు నిండకుండా పుట్టి, కళ్ల పరీక్ష చేయించమని ఎవరూ చెప్పక చూపు పోగొట్టుకున్న అమ్మాయికి సుమారు రూ.1.8 కోట్ల పరిహారం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. ఆ డబ్బుతో ఎన్ని ఆక్సీమీటర్లు వస్తాయో ఆర్థిక శాఖ అధికారులు లెక్క వేసుకోవచ్చు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఎన్ని వెంటిలేటర్లు కొన్నదీ ఘనంగా చెప్పుకుంటాయి. ఎన్ని లేబర్ రూముల్లో బ్లెండర్లు ఉన్నాయి, ఎన్ని ఆక్సీమీటర్లు పనిచేస్తున్నాయి, ఎందరు నర్సులు గత ఆరు నెలల్లో బొమ్మ మీద సాధన చేశారు అన్నది కూడా జిల్లాలవారీగా ప్రజల ముందు పెట్టాలని మేము కోరుతున్నాం.

ఇంకొకటి. ఢిల్లీలో 84 మంది శిశువులతో మొదలైన పని ప్రపంచం మొత్తం మీద వైద్యాన్ని మార్చింది. నీలోఫర్, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి బోధనాస్పత్రులకు వచ్చే నవజాత శిశువులకు లోటు లేదు. తేలాల్సిన ప్రశ్నలకూ లోటు లేదు. 32 వారాలకు ముందు పుట్టిన బిడ్డకు 30 శాతంతో మొదలుపెట్టాలా, అంతకంటే బాగా ఎక్కువతోనా అన్నది నిపుణుల మధ్య ఇప్పటికీ తెగలేదు. మన డాక్టర్లకు కరవైంది తీరిక, ఒక రీసెర్చ్ నర్సు, రికార్డులు సరిగ్గా రాసిపెట్టే మనిషి. వైద్య విద్య శాఖ వచ్చే బడ్జెట్‌లో ఈ మూడింటికీ ఒక పద్దు తెరవాలి.