ఒక్క అక్షరమూ ఎక్కని పుటల కట్టకు

ఖాళీ పుటల కట్టకు,

ఉభయకుశలోపరి అని అలవాటుగా రాశాం గానీ, మూడో అంకం నాటికి నీ కుశలం ఎలా ఉంటుందో మాకు తెలుసు. పసుపుబారి, అంచులు నలిగి, చెమటా కన్నీళ్లూ మరకలు కట్టి, మధ్యలో ఎండిన పూరేకులతో ఉంటావు. అలా కనబడాలనే కదా నిన్ను అన్ని తిప్పలు పెడతాం!

కాళిదాసు మీద మోహన్ రాకేశ్ 1958లో రాసిన హిందీ నాటకం 'ఆషాఢ్ కా ఏక్ దిన్' పాత్రల పట్టికలో నీ పేరు లేదు. ఇద్దరు రాజోద్యోగులకు, రాజధాని నుంచి పరిశోధనకు దిగిన ఇద్దరమ్మాయిలకు కూడా చోటు దొరికింది. నువ్వు మాత్రం ప్రాపర్టీ జాబితాలో, అంటే రంగస్థల సామాన్లలో, కాళిదాసును ప్రేమించిన మల్లిక మందు నూరే కల్వానికీ ఆమె తల్లి అంబిక చెరిగే చాటకూ కింద ఎక్కడో ఉంటావు. వానకు రెండు పేజీల ఖర్చు లెక్క రాసే నాటక సమాజాలు నీకు కేటాయించేది ఆఫీసులో మిగిలిన ఏ ఫోర్ కాగితం.

నాటకం చూసి బయటికొచ్చినవాళ్లు కాళిదాసు కష్టమే చెప్పుకుంటారు. కవిత్వమా, కొలువా? పాపం, 'ఋతుసంహారం' చదివి ఉజ్జయిని పిలిచింది, వెళ్లాడు. రాచకన్య ప్రియంగుమంజరిని చేసుకున్నాడు. మాతృగుప్తుడనే పేరుతో కాశ్మీరం ఏలడానికి ఒప్పుకున్నాడు. (కాశ్మీర రాజుల చరిత్ర రాజతరంగిణిలో కనిపించే మాతృగుప్తుడే కాళిదాసన్న వాదాన్ని రాకేశ్ ఇక్కడ వాడుకున్నాడు.) చివరికి అన్నీ వదిలేసి వానలో తడిసి మల్లిక గుమ్మంలో నిలబడ్డాడు. నిజంగానే కష్టం, కాదనం.

కానీ నీ ఖాతా తెరిస్తే లెక్క ఇంకోలా తేలుతుంది. నిన్ను మల్లిక తన చేత్తో చేసి కుట్టింది. కాళిదాసు రాజధాని నుంచి వస్తే చేతికిచ్చి, అన్నిటికన్నా పెద్ద కావ్యం వీటిమీదే రాయమనాలనుకుంది. రెండో అంకంలో అతను ఊళ్లోకి వచ్చాడు, గుర్రపు డెక్కల చప్పుడు ఇంటిదాకా వినిపించింది, మనిషి మాత్రం గడప తొక్కలేదు. ఈలోగా అతని కావ్యాల ప్రతులను ఉజ్జయిని నుంచి వచ్చే వర్తకుల దగ్గర ఆవిడే సంపాదించుకుంది. రాసినవి డబ్బిచ్చి కొనుక్కోవాలి, రాయబోయేవాటికి కాగితం మనమే కుట్టి పెట్టాలి. పుస్తకాల లోకం అప్పటికీ ఇప్పటికీ పెద్దగా మారినట్టు లేదు.

ఇక లోకం సంగతి. మల్లికను పెళ్లి చేసుకోకుండా వెళుతున్నావేమని మొదటి అంకంలోనే, ఆవిడను ఆశించే విలోముడు కాళిదాసును మొహంమీద అడిగేస్తాడు. అందరూ అతన్ని దుర్మార్గుడిగా ఆడిస్తారు గానీ, ఆ ఇంట్లో అడగాల్సిన ప్రశ్న అడిగింది అతనొక్కడే. అంబిక మాటలైతే అనువాదం అక్కర్లేకుండానే మన ఇళ్లలో వినిపిస్తాయి.

ప్రభుత్వ సాయం కూడా అందకపోలేదు. మహారాణి ప్రియంగుమంజరి రాక కోసం మల్లిక గది సర్దడానికి రాజోద్యోగులు అనుస్వారుడు, అనునాసికుడు వస్తారు. ఏది ఎక్కడ పెట్టాలో ఇద్దరూ సుదీర్ఘంగా చర్చించి, ఎక్కడివక్కడే వదిలేసి వెళతారు. తెలుగు ప్రేక్షకుడికి ఈ పేర్లను విప్పి చెప్పనక్కర్లేదు: ఒకడు నిండుసున్న, ఇంకొకడు అరసున్న. ఆ తర్వాత వచ్చిన ప్రియంగుమంజరి ఇంటికి మరమ్మతు చేయిస్తానంటుంది, పైగా ఈ సున్నల్లో ఒకదాన్ని ఎంచుకుని పెళ్లాడమని మల్లికకు సలహా ఇస్తుంది. కవిని దర్బారు ఎలా మింగిందో చెప్పే ఈ నాటకానికి 1959లో సంగీత నాటక అకాడమీ పురస్కారం దక్కింది. సర్కారుకు హాస్యం తెలియదని ఎవరన్నారు?

ఇప్పుడు నీ ఒంటి సంగతి. కొందరు నిన్ను తాటాకులతో చేస్తున్నారు. 'పాతకాలం గ్రంథం' అనగానే మన చెయ్యి తాటాకు మీదికే పోతుంది. కానీ ఈ కథ జరిగేది హిమాలయాల ఛాయలో, అక్కడ రాత భూర్జపత్రం, అంటే భూర్జచెట్టు బెరడు మీద. తాటాకుకు బెజ్జం వేసి తాడు దూరుస్తారు, సూదితో కుడితే నిలువునా చీలుతుంది. భూర్జపు బెరడు మెత్తన, మడిచి కుట్టుకోవచ్చు. కాశ్మీరంలో అలా పుస్తకాల్లా కట్టిన ప్రతులున్నాయి. కాబట్టి మల్లిక చేతిలో దబ్బనం ఉండొచ్చు, ఘంటం ఉండకూడదు.

బెరడు దొరక్కపోతే దళసరి చేతికాగితం చాలు. పన్నెండు తావులు తీసుకుని మధ్యకు మడిస్తే ఇరవైనాలుగు ఆకులు. అంతకన్నా తగ్గితే పెళ్లి శుభలేఖలా ఉంటావు. లీటరు నీళ్లలో నాలుగు చెంచాల టీపొడి పది నిమిషాలు మరిగించి, వడగట్టి, చల్లారాక రెండువైపులా కుంచెతో పూయాలి. నీడలో ఆరాక నూలుగుడ్డ పరిచి సన్నసెగ మీద ఇస్త్రీ చెయ్యాలి, లేకపోతే అప్పడంలా ముడుచుకుంటావు. మరకలు రెండో విడత. చిక్కటి కాఫీ డికాషన్‌ను వేళ్లతో చిలకరిస్తే, చుక్క ఆరేకొద్దీ రంగు అంచుకు చేరి ముదురు వలయం కడుతుంది. మొదటి పూత తడిగా ఉండగానే చల్లితే వలయం రాదు, మబ్బులా పాకుతుంది. నిజమైన కన్నీటిచుక్కంత మరక మూడో వరుస దాటి కనబడదు, రూపాయి బిళ్లంత ఉండాలి. ఇంత దుఃఖం అతి అనిపిస్తే ముందు వరుసలవాళ్లు సర్దుకుంటారు.

కుట్టు చివర్లోనే. ముందే కుడితే మడత తడి పీల్చి మూడో ప్రదర్శనకే ఊడుతుంది. మడత మీద ఐదు బెజ్జాలు, మైనం రాసిన నూలుదారం. స్టేప్లర్ పిన్ను జోలికి పోవద్దు. లైటు పడగానే గుప్తులకాలంలో ఉక్కు మెరుస్తుంది. అలాంటివి రెండు కట్టలు కావాలి, రెండో అంకానికి కొత్తది, మూడోదానికి పాతది. అవి తారుమారైతే మల్లిక ఏడుపు నాటకంకన్నా ముందే మొదలైపోయినట్టు ఉంటుంది.

నీకు అసలు శత్రువు వాన. మొదటి అంకంలో మల్లిక, మూడో అంకంలో కాళిదాసు మేనమామ మాతులుడు, కాళిదాసు తడిసి వస్తారు. కాళిదాసు వేషధారిని బకెట్టుతో ముంచేవాళ్లున్నారు. ఆ చేతులతో నిన్ను తిరగేస్తే నాలుగో ఆకుకే పేలికవుతావు. స్ప్రే సీసాతో జుట్టు, భుజాలు, వీపు తడిపితే చాలు, అరచేతులు పొడిగా ఉంచాలి. మాతులుడు రాజభవనపు నున్నటి నేలమీద జారి కాలు విరగ్గొట్టుకుని ఊతకర్రలతో వస్తాడు. ముందొచ్చినవాళ్లు కార్చిన నీటి మీద ఆ వేషం కట్టినవాడూ జారితే అది నటనగానే లెక్కలోకి వస్తుంది. కర్రల కొసలకు రబ్బరు తొడగండి. వాన రికార్డింగు కూడా మాట మొదలయ్యాక దిగాలి. కాళిదాసు మాట్లాడేది చాలాసేపు, అంతసేపూ వానే గెలుస్తుంటే సంజాయిషీ ఎవరికీ వినబడదు.

ఆ సంజాయిషీ చివర్లోనే నీ వంతు వస్తుంది. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, నిన్ను బ్యాంకు పాస్‌బుక్కులా చకచకా తిప్పడం. ఒక్కో మరక దగ్గర చెయ్యి ఆగాలి, కనీసం ఐదు ఆకులు తిరగాలి. అప్పుడంటాడు కాళిదాసు, ఇవి ఖాళీ కావని, వీటిమీద మహాకావ్యం ఎప్పుడో పూర్తయిందని. ఎంత గొప్ప మాట! హాలంతా నిట్టూరుస్తుంది. ఇక అతను రాయక్కర్లేకుండా పోయింది.

లోపల మల్లిక పసిపిల్ల ఏడుస్తుంది, ఆవిడ వెళుతుంది. అతను నిన్ను ఆసనం మీద పెట్టి, తలుపు తెరుచుకుని వానలోకి పోతాడు. ఆవిడ పిల్లతో గుమ్మందాకా వచ్చి ఆగిపోతుంది. లైటు అక్కడే ఉంటుంది, నీ మీద అప్పటికే ఆరిపోయింది.

ఇట్లు,
తెరవెనక సామాన్లు చూసేవాళ్లం

తా.క.: తెర పడగానే నటులంతా నమస్కారానికి వస్తారు, ఆ తోపులాటలో నిన్ను ఎవరో ఒకరు తొక్కుతారు. వాళ్లకన్నా ముందు మా కుర్రాడొకడు వచ్చి ఎత్తుకుంటాడు. పూర్తిగా ఆరాకే పెట్టెలో పెడతాం. తడితో పెడితే బూజు పడుతుంది, తర్వాతి ఊళ్లో దాన్ని కూడా కావ్యమే అంటారు.