అద్దెమాన పంచాంగం

మన సిద్ధాంతులు కాలాన్ని చాంద్రమానంతోనూ, సౌరమానంతోనూ కొలుస్తారు. హైదరాబాదులో అద్దె ఇళ్లలో కాపురాలు చేసేవాళ్లందరూ తు.చ. తప్పకుండా పాటించే మూడో మానాన్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ గుర్తించలేదు. అది అద్దెమానం. ఇందులో సంవత్సరానికి పదకొండే నెలలు. సంవత్సరాదికి పచ్చడి ఉండదు, వేపపువ్వు మాత్రం ఉంటుంది.

దీనికి మూలపురుషులు ఆంగ్లేయులు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో వాళ్లు రాశారు. ఆ బాధ ఎందుకని మన ఇంటి యజమానులు ఏడాదిలోంచి ఒక నెల కోసేసి, వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకే రాయిస్తారు. కోసిన ఆ నెల ఏమైపోతుందా అని చాలాకాలం అనుకున్నాను. అది ఎక్కడికీ పోదు. పదకొండేళ్లలో పన్నెండు అగ్రిమెంట్లు పూర్తవుతాయి. ఒక్కోదానికి పది శాతం చొప్పున పెంచుకుంటూ పోతే 20,000 రూపాయల అద్దె 62,768 అవుతుంది. పాపం, ఏడాదికోసారి పెంచితే 57,062 దగ్గరే ఆగిపోయేది.

అద్దెకుండేవారికి రక్షణ లేదని అనకూడదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉండనే ఉంది. కాకపోతే నగరంలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇంటి జోలికి అది రాదు. నేను సెల్లారులో స్కూటరు పెట్టుకునే చోటికి కాపురం మారిస్తే చట్టం నన్ను కంటికి రెప్పలా కాపాడుతుంది.

మియాపూర్‌లోని ఈ ఇంట్లో మేము శ్రావణంలో పాలు పొంగించాం. మంచి మాసమని మురిసిపోయామే తప్ప, శ్రావణానికి పదకొండు నెలలు కలిపితే ఆషాఢం వస్తుందని తట్టలేదు. ఆషాఢంలో ఇల్లు మారకూడదు. ఈ సంగతి మా అత్తగారికి ఎంత తెలుసో ఇంటాయనకు అంతకన్నా ఎక్కువ తెలుసు. మధ్యలో అధికమాసం పడితే గడువు జ్యేష్ఠంలోకి జరిగి మాలాంటివాళ్లు బతికిపోతారు. ఆ మాసానికి పెద్దలు పురుషోత్తముడి పేరు ఊరికే పెట్టలేదు.

గడువు దగ్గరపడగానే ఇంటాయన కాఫీకి పిలిచారు.

"మీరు మాకు పరాయివాళ్లు కాదండీ, ఇంటి మనుషుల్లాంటివాళ్లు" అన్నారు. నా గుండె జారిపోయింది. ఆ మాట వెనకాలే పది శాతం నిలబడి ఉంటుంది.

"మెట్రో పక్కనే కదండీ" అన్నారు తర్వాత. నిజమే, 2017 నవంబరులో మన మెట్రో రైలు మియాపూర్‌లోనే మొదలైంది. నేను ఆఫీసుకు స్కూటరు మీద వెళతాను. అయినా టికెట్టు నెలనెలా ఇంటాయన దగ్గర కొనుక్కోవాలి.

నేనూ తక్కువ తినలేదు. ఏప్రిల్‌లో బోరు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పించుకున్న సంగతి ఎత్తాను. నగరం మొత్తానికి ఉన్న కష్టానికి నన్ను అంటే ఎలా అన్నారు. మెట్రో నగరం మొత్తానిది కాదేమో. పడకగది గోడకు చెమ్మ పట్టిందన్నాను.

"అందుకే ఆ గది అంత చల్లగా ఉంటుంది" అన్నారు తృప్తిగా.

చివరికి బ్రహ్మాస్త్రం తీశారు. ఎదురు ఫ్లాటువాళ్లు 24,000 ఇస్తున్నారట, మనకైతే 22,000 చాలట. ఆ ఎదురింటాయనను నేను అంతకుముందే లిఫ్టులో కదిపాను. 24,000 ఇస్తున్నది మేమని ఇంటాయన ఆయనకు చెప్పారట. ఇద్దరం ఒకరినొకరు చాలా గౌరవంగా చూసుకుని ఎవరి అంతస్తులో వాళ్లం దిగిపోయాం. కాదు, ఇద్దరిదీ ఒకే అంతస్తు. అవమానంలో అది గుర్తురాలేదు.

గంటసేపు బేరమాడి 21,500 దగ్గర ఒప్పించాను. నెలకు ఐదు వందలు మిగిల్చిన వీరుణ్ణి ఇంట్లో ఎలా ఆదరిస్తారో ఊహించుకుంటూ గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచారు.

"అన్నట్టు, మెయింటెనెన్సు ఐదు వందలు పెరిగిందండీ. ఇంకో మాట. ఆషాఢంలో కొత్త కాగితం రాసుకోవడం బాగుండదు. శ్రావణం రాగానే మంచిరోజు చూసి, పదకొండు నెలలకు రాసుకుందాం. కొత్త అద్దె మాత్రం ఈ నెల నుంచే ఇచ్చేయండి."

మెట్ల మీదే నిలబడి వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. వచ్చే ఏడాది అధికమాసం లేదు.