సవరణ: ఐపీ వేసిన రోజునుంచే వసూళ్లు ఆగవు

భీమవరం వైపు రొయ్యల రైతుల అప్పుల మీద మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. క్షమించండి. ఎవరైనా వాటిని నమ్మి అడుగేసేలోపే సరిచేస్తున్నాం.

ఐపీ, అంటే దివాలా పిటిషన్, వేయగానే అప్పిచ్చినవాళ్ల చేతులు కట్టేసినట్టే అన్నాం. కాదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టంలో, కోర్టు దివాలాదారుగా ప్రకటించాకే ఆ అడ్డుకట్ట. అప్పుడు కూడా తనఖాలో ఉన్న చెరువు మీద బ్యాంకు హక్కు చెక్కుచెదరదు. మేత కొట్టు ఖాతా, ప్రోనోట్ల బాకీల్లాంటి వాటికే ఊరట. బాకీ అంతా తనఖాదే అయితే ఐపీతో ఒరిగేది దాదాపు ఏమీ లేదు, ముందు బ్యాంకుతోనే మాట్లాడుకోవాలి.

రెండోది ఇంకా ప్రమాదం. ఆస్తి బదిలీలను కోర్టు పిటిషన్‌కు 3 నెలల వెనక్కే చూస్తుందన్నాం. ఆ గడువు మిగతావాళ్లను వదిలి ఒక్కరికే బాకీ తీర్చేయడానికి వర్తించేది (54వ సెక్షన్). డబ్బు తీసుకోకుండా భార్య పేరనో బావమరిది పేరనో రాసిచ్చిన ఇంటికి 53వ సెక్షన్ వర్తిస్తుంది: రాసిన 2 ఏళ్లలోపు పిటిషన్ పడి, దివాలా ప్రకటన వస్తే ఆ దస్తావేజును కోర్టు కొట్టేయవచ్చు. కావాలని ఆస్తి దాచినా, ఖాతా పుస్తకాలు మాయం చేసినా 69వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు. అందుకని ఈమధ్య రాసిన దస్తావేజులన్నీ ముందే వకీలు ముందు పెట్టండి.